కారుకు వాసెన కట్టిన మా అత్త

మా మేనత్త పోయిందన్న కబురు మా మామే తెచ్చాడు. గూడూరు బడిలో పొద్దున రెండో పీరియడు చెబుతున్నాను. గేటు ముందర కారు ఆగిన చప్పుడు వినగానే అది మాదేనని తెలిసింది. ఆగే ముందు దగ్గే కారు ఈ చుట్టుపక్కల అదొక్కటే. పిల్లలను ఎక్కం రాయమని బయటికి వచ్చాను. మామ కారు దిగలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు. నేను పోయి పక్కన నిలబడ్డాక, "మీ యత్త పోయింది పాపా. కల్లాపి సల్లి లోపలికొచ్చి గోడకానుకోని కూసునింది. అంతే, మళ్ళ లెయ్యలేదు" అన్నాడు.

పెద్దయ్యవారితో చెప్పి వచ్చి కారెక్కాను. మామ ఎప్పటిలాగే నాలుగు అద్దాలూ ఎత్తాడు. అంత దుఃఖంలోనూ ఆ పని మరిచిపోలేదు. గోనెగండ్ల దాటాక, నా కాళ్ళ దగ్గర సన్నగా వస్తున్న గాలి వైపు తల తిప్పి, "వాసెన నిన్ననే మార్సింది" అన్నాడు. అప్పటిదాకా రాని ఏడుపు నాకు అక్కడ వచ్చింది.

వాసెన అంటే ఏమిటో మీకు తెలుసు. కుడుములు ఉడకబెట్టేటప్పుడు కుండ మూతికీ, ఊరగాయ వేసినప్పుడు జాడీ మూతికీ కట్టే గుడ్డ. కారుకు వాసెన కట్టిన మనిషిని మాత్రం మీరు చూసి ఉండరు. మా అత్త కట్టింది. వారానికొకసారి విప్పి, ఉతికి, కొత్తది కట్టింది. అది చూసి మా వీధి వీధంతా నవ్వింది. ఆ గుడ్డ లేకపోయి ఉంటే ఈ నాలుగు మాటలు రాయడానికి నేను ఉండేదాన్ని కాదేమో. ఈ మాట ఆమె బతికి ఉండగా అంటే చెవులు మూసుకునేది. అశుభం పలకొద్దు అని ఒక మొట్టికాయ కూడా వేసేది.

మా అత్త పిరికిది. ఈ మాట నేను గౌరవంగానే అంటున్నాను. ఆమె ఉన్నప్పుడు మొహం మీదే అనేదాన్ని, ఆమె ఒప్పుకునేది కూడా. ఉరిమితే భయం, బల్లి పడితే భయం, వాకిట్లో కుక్క ఏడిస్తే భయం. డ్రైవరు పెళ్ళామై ఉండి కారంటే భయం. మామది బాడుగ కారు. ఎమ్మిగనూరు నుంచి మంత్రాలయానికీ ఆదోనికీ మనుషులను తీసుకుపోయేవాడు. ఆయన తిరిగి వచ్చేదాకా ఆమె పొయ్యి దగ్గరి నుంచి వాకిలికీ, వాకిలి నుంచి పొయ్యి దగ్గరికీ తిరుగుతూనే ఉండేది. మా ఇంట్లో కూర మాడిన వాసన వస్తే మామకు ఆలస్యమైందని ఇరుగుపొరుగుకు తెలిసిపోయేది. తానే కారెక్కాల్సి వస్తే ముందు సీటును రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఊరొచ్చిందా ఊరొచ్చిందా అని అడిగేది. ఆమె పట్టుకోబట్టే కారు రోడ్డు మీద నిలబడిందని మామ ఆట పట్టించేవాడు.

"ధైర్నమున్నోడు ఒకసారి సూస్తాడు, బయమున్నోడు నాలుగుసార్లు సూస్తాడు. యెవురు మేలో నువ్వే సెప్పు" అని ఆమె జవాబు. నేను ఆ నాలుగుసార్ల చూపు కింద పెరిగాను.

ఆ భయానికి ఒక మూలం ఉందని నాకు చాలా కాలానికి గాని తెలియలేదు. ఆమెకు పుట్టిన ఒక్క బిడ్డ ఏడాది నిండకుండానే కోరింత దగ్గుతో పోయాడు. దగ్గి దగ్గి, ఆమె ఒళ్ళోనే. ఊపిరి ఆగిపోవడం ఎంత తేలికో ఆమె దగ్గరుండి చూసింది. ఆ తర్వాత ఆమె దేన్నీ పూర్తిగా నమ్మలేదు. అటువంటి మనిషి చేతుల్లో, ఊపిరి ఆడని నన్ను తెచ్చి పెట్టారు.

మాది ఆదోని. నాన్న జిన్నింగు మిల్లులో పని చేసేవాడు, మా ఇల్లు మిల్లు గోడకు దగ్గరే. ఆదోనిలో పుట్టినవాళ్ళకు దూది అంటే ఏమిటో బయటివాళ్ళకు చెప్పడం కష్టం. పత్తికాలం వస్తే బండ్లు వరసకట్టి ఊళ్ళోకి వచ్చేవి. కరెంటు తీగల మీద, తుమ్మచెట్ల మీద, ఆరేసిన బట్టల మీద, చివరికి అన్నం కంచంలో కూడా దూది పోగులే. దాన్ని ఎవరూ దుమ్ము అనేవాళ్ళు కాదు. దుమ్మంటే రేగడి దుమ్ము, రోడ్డు దుమ్ము. దూది మాకు అన్నం పెట్టేది, తెల్లనిది, దేవుని దీపంలో వెలిగేది. కాలికి తగిలితే కళ్ళకద్దుకునేవాళ్ళం. దెబ్బ తగిలితే దాన్నే పెట్టేవాళ్ళం. ఊళ్ళో సగం మంది దగ్గుతూ ఉంటే నీళ్ళు పడలేదనుకునేవాళ్ళం.

నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఉబ్బసం పట్టుకుంది. మా వైపు దమ్ము అంటారు. అది ఎలా ఉంటుందో పడినవాళ్ళకు తెలుసు, పడనివాళ్ళకు ఎంత చెప్పినా తెలియదు. గాలి మన చుట్టూ ఉంటుంది, అందరూ పీలుస్తూ ఉంటారు, మనకు మాత్రం అందదు. గొంతులో పిల్లి కూతలు. భుజాలు చెవుల దాకా లేస్తాయి. మాట రాదు. ఆ భయంలో కళ్ళు ఎవరో ఒకరి మొహం కోసం వెతుకుతాయి. ఆ మొహం ధైర్యంగా ఉంటే మనకూ కాస్త ధైర్యం వస్తుంది. నా ఖర్మ, నాకు దొరికింది మా అత్త మొహం.

మమ్మల్ని చూసే డాక్టరమ్మ ఆదోనిలోనే ఉండేది. సూది వేస్తే తగ్గేది, పది రోజులకు మళ్ళీ వచ్చేది. గాలి మార్చి చూడమని ఆమె చెప్పింది. నాన్నకు తోచిన వేరే గాలి ఎమ్మిగనూరులో ఉన్న అక్క ఇల్లు. అది డెబ్బయ్యో దశకం మొదట్లో అనుకుంటాను. నన్ను దింపిన రోజు అత్త నన్ను ఎత్తుకోలేదు, ముద్దు పెట్టుకోలేదు. నా ఛాతీ వైపే చూస్తూ నిలబడింది. తర్వాత నాన్నను పక్కకు పిలిచి, తన చేతిలో ఈ బిడ్డకు ఏమన్నా అయితే తాను బతకనని చెప్పింది. అలా అనొద్దని నాన్న బతిమాలాడు. నేను గడప మీద కూర్చుని అంతా విన్నాను. నాకు ఏమన్నా కావచ్చునన్న సంగతి నాకు మొదట తెలిసింది అప్పుడే.

ఎమ్మిగనూరు గాలి నిజంగానే మంచిది. మగ్గాల ఊరు, మిల్లులు లేవు. నెలల తరబడి బాగానే ఉండేదాన్ని. కానీ దమ్ము వచ్చిందంటే ఆదోని డాక్టరమ్మ దగ్గరికే పోవాలి, అత్తకు ఇంకెవరి మీదా నమ్మకం లేదు. అప్పుడు మామ బాడుగ మానుకుని కారు తీసేవాడు. ఆ రోడ్డు ఆ రోజుల్లో సగం కంకర, సగం దుమ్ము. ముందు ఒక బస్సు పోతే అది లేపిన దుమ్ములో పావుగంట పోవాలి.

మా కారుకు ముందటి యజమాని బెంగుళూరులో పెట్టించుకున్న ఏర్పాటు ఒకటి ఉండేది. ముందర జాలీ వెనక నుంచి లావుపాటి రబ్బరు గొట్టం లోపలికి వచ్చి, ఎడమ పక్క సీట్లో కూర్చున్నవాళ్ళ కాళ్ళ దగ్గర తెరుచుకునేది. అద్దాలు ఎత్తుకున్నా గాలి వస్తుంది. బెంగుళూరులో అది సుఖంగానే ఉండి ఉంటుంది. మా రోడ్డు మీద మాత్రం గాలితో పాటు రోడ్డు కూడా లోపలికి వచ్చేది. గొట్టం మూసేస్తే ఉక్కకు నా ప్రాణం ఇంకా కొట్టుకునేది. అద్దాలు దించితే చెప్పనే అక్కర్లేదు.

అత్త ఒకటి రెండుసార్లు ఆ గొట్టం మూతి వైపు చూసింది. ఇంటికి వచ్చాక జాడీకి కట్టినట్టు దానికి గుడ్డ కట్టి, పైన తాడు బిగించింది. మామ నవ్వాడు. కారులో ఏం ఊరబెడతావని అడిగాడు. ఆమె నవ్వలేదు.

ఆ వాసెన సంగతి నాన్నకు తెలిసి సంతోషపడ్డాడు. ఒట్టి గుడ్డకు సన్న దుమ్ము ఆగదు, నడుమ దూది పెట్టాలి అన్నాడు. అందరికీ అది మంచి మాటగానే తోచింది. నీళ్ళు వడకట్టినా, మందు వడకట్టినా దూదే కదా. మిల్లులో అప్పుడే తీసిన మొదటి రకం దూది, చూస్తే మల్లెపూవు లాంటిది, సంచి నిండా తెచ్చి ఇచ్చాడు. మా పక్కింట్లో హుసేనమ్మ అని ఉండేది. ఆమె భర్తది పరుపులు కుట్టే పని. ఆయన ఆ దూదిని తన విల్లుతో ఏకి మెత్తగా చేసి ఇచ్చాడు. అత్త రెండు గుడ్డల నడుమ ఆ దూది పరిచి, చుట్టూ టాకాలు వేసి, గొట్టానికి కట్టింది. అంత తెల్లటి వాసెన చూసి నాకు కూడా గర్వంగా ఉండింది. ఇంతమంది నా ఊపిరికి కాపలా కాస్తున్నారు అనుకున్నాను.

తర్వాతి ప్రయాణంలో నేను డాక్టరమ్మ దగ్గరికి చేరేసరికి ఇంటి దగ్గర బయలుదేరినప్పటి కంటే అన్యాయంగా ఉన్నాను. రోడ్డు మరీ చెడిపోయిందనుకున్నారు. అత్త దూది పొర మందం చేసింది. ఆ తర్వాతి సారి ఇంకా అన్యాయం. దిష్టి అనుకున్నారు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేశారు. మంత్రాలయంలో మొక్కుకున్నారు. హుసేనమ్మ దర్గాకు తీసుకుపోయి నెమలీకల కట్టతో తల మీద తట్టించింది. బయలుదేరే వేళ మంచిది కాదేమోనని వేళ మార్చారు. ప్రతిసారీ అత్త కారు దగ్గరికి పోయి వాసెన విప్పి, ఇంకొంచెం దూది పెట్టి కట్టేది. భయపడిన మనిషికి చెయ్యడానికి ఏదో ఒక పని ఉండాలి. ఆమెకు దొరికిన పని అదే. పోను పోను నాకు దమ్ము కంటే ఆ కారు ప్రయాణమే భయమైంది. తలుపు తెరిస్తేనే గొంతు బిగిసేది. ఆ మాట చెబితే అత్త ఏడుస్తుందని చెప్పేదాన్ని కాదు.

ఆ మధ్యాహ్నం నాకు నిన్నటిలాగా గుర్తుంది. ఆషాఢపు గాలి. రోడ్డుకు రెండు పక్కలా దున్ని వదిలేసిన రేగడి చేలు, ఎటు చూసినా లేస్తున్న దుమ్ము. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. నేను ఎడమ పక్క ముందు సీట్లో అత్త ఒళ్ళో ఉన్నాను, గొట్టం గాలి మొహానికి తగలాలని ఆమె నన్ను ముందుకు వంచి పట్టుకుంది. సగం దారిలో నాకు లోపలికి పోయే గాలి పూర్తిగా ఆగిపోయినట్టయింది. చెవుల్లో హోరు. గోళ్ళు నీలం తిరిగాయని తర్వాత మామ చెప్పాడు. నాకు తెలిసిందల్లా అత్త గుండె. నా వీపుకు ఆనుకుని అది కొట్టుకుంటున్న తీరు. ఆమె తన కొడుకు పేరు పెట్టి పిలిచింది. నన్నే, ఆ పేరుతో. నేను చచ్చిపోతున్నానని నాకు అప్పుడు అర్థమైంది.

"ఆపప్పా, కారు ఆపు" అంది అత్త. ఆపితే ఆలస్యమవుతుందని మామ ఇంకా తొక్కాడు. ఆమె తలుపు తెరవబోయింది. కారెక్కితే సీటు వదలని మనిషి, పోయే కారు తలుపు తెరవబోయింది. మామ బ్రేకు కొట్టాడు.

నన్ను ఎత్తుకుని దిగి రోడ్డు కింద వాన నీళ్ళు పోయే మోరీ గోడ మీద కూర్చుంది. చచ్చిపోతే ఇనప డబ్బాలో చచ్చిపోకూడదని దించాను అని తర్వాత ఎప్పుడో ఒకసారి నాతో అంది. అంతకు మించి ఆమెకు ఏ ఆలోచనా లేదట. చుట్టూ దుమ్ము. కళ్ళలో, నోట్లో, పళ్ళ మధ్య దుమ్ము. ఆ దుమ్ములో నాకు ఒక గుక్క గాలి దొరికింది. తర్వాత ఇంకొకటి. దమ్ము పోలేదు, కూతలు ఉన్నాయి, కానీ మెడ పిసికే చెయ్యి కాస్త సడలినట్టయింది. కాసేపటికి నీళ్ళు అడిగాను.

మామ తొందరపెట్టాడు. మళ్ళీ కారెక్కాము, అద్దాలు ఎత్తాము, గొట్టం గాలి నా మొహానికి తగిలింది. ఐదు నిమిషాలు కూడా కాలేదు, మళ్ళీ ఆ చెయ్యి మెడ మీద పడింది. అత్త ఈసారి నా మొహం చూడలేదు. కిందికి చూసింది. గొట్టం మూతిని, దాని మీద ఉబ్బిన ఆ తెల్లటి గుడ్డను చూసింది. వంగి తాడు పట్టి లాగింది. గుడ్డతో పాటు తెల్లటి నుసి గుప్పున లేచింది. నేను దగ్గి దగ్గి ఒరిగిపోయాను. ఆమె అద్దం దించి దాన్ని బయటికి విసిరేసింది.

"అద్దాలు దించు" అంది మామతో. దుమ్ము వస్తుందన్నాడు మామ. "రానీ. దుమ్ములో బిడ్డ బతికింది, నేను సూసినాను" అంది.

అద్దాలు దించుకుని, మట్టి బొమ్మల్లాగా ఆదోని చేరాము. డాక్టరమ్మ సూది వేసింది. మమ్మల్ని ఆ అవతారంలో చూసి ఆమె చీవాట్లు పెట్టింది కూడా. అత్త దూది మాట ఎత్తలేదు. తాను చూసినదాని మీద తనకే పూర్తిగా నమ్మకం కుదరలేదు. ఇంటింటా దీపం వెలిగించే దూది, గాయం మాన్పే దూది, తమ్ముడి ఇంట అన్నం వండే దూది బిడ్డ గొంతు పిసుకుతుందని ఎవరితో చెప్పాలి?

నిజమో కాదో తెలుసుకోవాలంటే ఒకటే దారి. మళ్ళీ నా దగ్గరికి దూది తెచ్చి చూడాలి. మామ ఆ మాటే అన్నాడు. ఒకసారి చూద్దామే, ఊరికే అనుమానమెందుకు అన్నాడు. ఆమె ససేమిరా అంది. "తప్పయితే నవ్వుతారు. నిజమైతే బిడ్డ పోతాది. నవ్వితే నవ్వనీ" అంది. నేను చదువుకుని, పిల్లలకు సైన్సు చెబుతూ, ప్రయోగాలు చేసి చూపించే మనిషిని. ఆ చెయ్యని ప్రయోగానికి నేను ఇప్పటికీ దండం పెడతాను.

ఆ వారమే ఇంట్లో ఉన్న పరుపులు, దిండ్లు వీధిలోకి పోయాయి. మేము ఈతచాపల మీద, పాత గుడ్డలు కుక్కిన దిండ్ల మీద పడుకోవడం మొదలుపెట్టాము. దేవునికి గుడ్డ వత్తులు వచ్చాయి. అవి పొగ చిమ్మేవి, దేవుడు సర్దుకున్నాడు. మందుల పెట్టెలో ఉన్న దూది చుట్ట కూడా పోయింది.

అన్నిటి కంటే కష్టమైన పని పక్కింటిది. దూది ఏకే విల్లు మోగిన రోజుల్లో నాకు కూతలు ఎక్కువవుతాయని అత్తకు ఇప్పుడు లెక్క కుదిరింది. పరాయి మగవాళ్ళతో మాట్లాడాలంటే కొంగు నోట్లో కుక్కుకునే మనిషి, ఒక పొద్దున హుసేనమ్మ ఇంటి గుమ్మం ముందు పోయి నిలబడింది. నేను వెనకాల ఉన్నాను. ఒకరి కూటి పనిని ఈడ చెయ్యొద్దు అని ఎలా అడుగుతారు? సగం సగం మాటలతో ఎలాగో అడిగింది. హుసేనమ్మ భర్త తల గీరుకున్నాడు. "పాప కంటే ఎక్కువదేమ్మా విల్లు? అది యాడ పెట్టినా మోగుతాది" అన్నాడు. మర్నాటి నుంచి విల్లూ దూదీ ఊరి బయట చింతచెట్ల కిందికి మోసుకుపోయాడు. ఇంట్లో దూది మూటలు ఉన్నా మా వైపు కిటికీ మళ్ళీ ఎన్నడూ తెరవలేదు. ఆ కుటుంబానికి కూడా ఈ నాలుగు మాటల్లో సగం చెందాలి.

నాన్న మాత్రం ఒప్పుకోలేదు. మా నాన్న మంచివాడు, మాట తూలని వాడు. ఆ రోజు మా ఇంటి వాకిట్లో గొంతు పెంచాడు. "మనకు అన్నం పెట్టేదాన్ని ఇసం అంటాండావు అక్కా. నేను పొద్దస్తమానం దాంట్లోనే ఉండాను, నాకేమయింది?" అన్నాడు. ఈ మాట అంటూ దగ్గాడు. అత్త ఆ దగ్గు వింది. ఆమె మొహంలో నా కోసం ఉండే భయం తమ్ముడి వైపు తిరగడం నేను చూశాను.

"అన్నం గూడా గొంతులో అడ్డం పడ్తాది గదరా నాయినా" అంది మెల్లగా. "అన్నాన్ని తిట్టినామా? నీళ్ళు తాగిస్తాము, ఈపు నిమురుతాము. ఈ బిడ్డను దూదికి దూరం పెడ్తాను, అంతే." నాన్న కండువా దులుపుకుని, భోజనం చెయ్యకుండా బస్సెక్కాడు. ఆయనకు కోపం వచ్చిందనే చాలా ఏళ్ళు అనుకున్నాను. ఆయనా భయపడ్డాడని ఇప్పుడనిపిస్తుంది. నా కంటే ఎక్కువ దూది ఆయన లోపల ఉంది మరి. మిల్లు మానితే తినేదెట్లా అని ఎవరినడుగుతాడు? ఆ తర్వాత ఆయన మా ఇంటికి వచ్చినప్పుడల్లా అత్త పెరట్లో నీళ్ళు తోడి పెట్టి, స్నానం చేసి మామ పంచె కట్టుకున్నాకే నన్ను దగ్గరికి పోనిచ్చేది. ఆయన ఏమీ అనకుండా చేసేవాడు.

దూది పోయింది, వాసెన ఉండిపోయింది. రోడ్డు దుమ్ము అలాగే ఉంది కాబట్టి అత్త మళ్ళీ మొదటి గుడ్డకే వచ్చింది. ఉతికి ఉతికి పోగు రాలడం మానేసిన పాత నూలు చీర, నాలుగు మడతలు. ప్రతి ఆదివారం మామ కారు కడిగాక ఆమె స్క్రూడ్రైవరు తీసుకుని కారులోకి దూరేది. తాడు జారుతోందని తర్వాత ఇనప పట్టీ పెట్టించారు. మరను తిప్పేటప్పుడు నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకునేది. పాతది విప్పి, ఇంట్లోకి తేకుండా వాకిట్లోనే ఎండకు ఎత్తి పట్టుకుని చూసేది. గుడ్డ మధ్యలో గుండ్రంగా, బిళ్ళంత, ఎర్రగానో నల్లగానో మట్టి మరక. ఏ వైపు రోడ్డు తిరిగారో ఆ రంగు. "సూడు, ఇదంతా నీ లోపలికి పోవాల్సింది" అని నాకు చూపించేది. ఆ మాటకు నా ఒళ్ళు జలదరించేది. ఆమెకు మాత్రం ఆ మరక చూస్తే వారం రోజులకు సరిపడా తృప్తి. తర్వాత కొత్త గుడ్డను తడిపి, పిండి, మూతికి బిగించి, అరచెయ్యి పెట్టి గాలి వస్తోందా అని చూసేది. చెంప పెట్టి చూసేది. నన్ను పెట్టి చూడమనేది. మళ్ళీ తానే పెట్టి చూసేది. చెప్పాను కదా, నాలుగుసార్లు.

మంత్రాలయం పోయే భక్తులు అడిగేవాళ్ళట, డ్రైవరన్నా కారుకు దెబ్బ తగిలిందా, కట్టు కట్టినావు అని. మామ ఏదో ఒకటి చెప్పి నవ్వించేవాడు. అయినా ఆ పట్టీని ఎవరు కాలితో తన్నినా ఊరుకునేవాడు కాదు.

నా దమ్ము పూర్తిగా పోలేదు, పోదు కూడా. కానీ ఆ మోరీ గోడ నాటి దమ్ము మళ్ళీ రాలేదు. ఏటేటా పత్తికాలం దగ్గరపడితే మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఒక భయం వచ్చి కూర్చునేది. అత్త నా వెనక నిలబడి నా ఊపిరి వినేది. నేను విననట్టు నటించేదాన్ని. నేను టీచరు పరీక్ష చదివి గూడూరులో ఉద్యోగానికి పోతే, గది చూడ్డానికి వచ్చింది. ఇంటివాళ్ళ ముందరే దిండు వాసన చూసింది, పరుపు బయట పెట్టించింది, కిటికీకి వాసెన కట్టింది. దగ్గర్లో మిల్లు ఉందా, పరుపులవాళ్ళు ఉన్నారా అని వీధిలో ఇద్దరిని నిలబెట్టి అడిగింది. సిగ్గుతో నేను చచ్చాను. మళ్ళీ రావద్దు అత్తా అన్నాను. సరేనంది, మరుసటి నెల వచ్చింది.

ఎమ్మిగనూరు చేరేసరికి వాకిలి నిండా మనుషులు. అత్తను నట్టింట్లో పడుకోబెట్టి, పసుపు రాసి, పెద్ద బొట్టు పెట్టి, తలకాడ దీపం పెట్టారు. గుడ్డ వత్తి పొగ చిమ్ముతోంది. ఆమె మొహంలో ఏ భయమూ లేదు. అది చూసి నాకు ఆమె కొత్తగా అనిపించింది.

బంధువుల్లో పెద్దామె ఒకామె ముక్కుల్లో పెట్టడానికి చిటికెడు దూది ఇమ్మంది. ఆడవాళ్ళు వెతకడం మొదలుపెట్టారు. దేవుని గూట్లో చూశారు. పెట్టె తీశారు. దిండ్లు వత్తి చూశారు, లోపల గుడ్డ పేలికలు. పత్తి పండే సీమలో, పరుపులు కుట్టే ఇంటి పక్కన, ఒక ఇంట్లో చిటికెడు దూది లేదంటే ఆ పెద్దామె నమ్మలేదు. నేను ఉద్యోగానికి పోయి కూడా ఏళ్ళవుతోంది. నేను పండక్కో సెలవులకో వచ్చే ఇంట్లోకి, నేను లేని రోజుల్లో కూడా, ఆమె దూది రానివ్వలేదు.

హుసేనమ్మ కళ్ళు తుడుచుకుంటూ తన ఇంటికి పోయింది. ఎందుకు పోయిందో నాకు తెలుసు. అలవాటుగా లేచి నిలబడ్డాను. రెండేళ్ళ కింద మా నాన్న పోయినప్పుడు కూడా ఇంతే. ఆయన దగ్గు చివరికి ఆయన్ను తీసుకుపోయింది. ముక్కుల్లో దూది పెట్టే వేళకు అత్త నా చెయ్యి పట్టుకుని ఆదోని సందులోకి తీసుకుపోయింది. నాన్న మొహం నేను చివరిసారి సందు మలుపు నుంచి, మనుషుల భుజాల మీదుగా చూశాను. ఇప్పుడు నన్ను బయటికి తీసుకుపోయేదానికి ఆమె లేదు, నేనే పోవాలి.

గడప దగ్గరికి వచ్చేసరికి హుసేనమ్మ ఎదురైంది. పిడికిలి మూసి ఉంది. నన్ను చూసి ఆమె మెట్టు దిగి వెనక్కి జరిగింది, పిడికిలిని వీపు వెనక్కి పెట్టుకుంది. ఇద్దరమూ అలాగే నిలబడ్డాము.

మూలన కూర్చున్న మామ తల ఎత్తాడు. "వద్దు హుసేనమ్మా. ఇన్నేండ్లు ఆయమ్మ ఈ గడప దాటనియ్యలేదు. ఇప్పుడు నేను దాటిస్తే ఒప్పుకుంటాదా?" అన్నాడు. పెద్దామె వైపు తిరిగి, "పాపను తలకాడ కూసోనియ్యండి" అన్నాడు.

పెద్దామె దండెం మీది పాత చీర కొంగు చించి, తడిపి పిండి, రెండు చిన్న ఉండలు చేసింది. నేను వెనక్కి వచ్చి అత్త తల దగ్గర కూర్చున్నాను. నన్ను ఎవరూ లేవమనలేదు. ఎత్తుకునేదాకా అక్కడే ఉన్నాను, ఆమె చెంపకు నా చెంప ఆనించి, ఊపిరి పీల్చుకుంటూ.